డకోటా అంటే బస్సు కాదు

బొగ్గు గనుల ఊళ్ళు చూడాలని నేనెప్పుడూ అనుకోలేదు. మాది తెనాలి. కాలవ గట్లూ అరటి తోటలూ చూస్తూ పెరిగినవాడికి బొగ్గంటే కుంపట్లో వేసేది, అంతే. పోయిన శీతాకాలం గోదావరికి అటూ ఇటూ ఉన్న ఆ ఊళ్ళలో నాలుగు రోజులు తిరిగి వచ్చాను. వెళ్ళడానికి కారణం గతంలో నేను చేసిన ఒక వెధవ పని. అది ముందు చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

విజయవాడలో ఒక మాసపత్రికలో పనిచేసే రోజుల్లో రెండో ప్రపంచ యుద్ధం మీద మూడు నెలలు వరసగా రాశాను. నేల మీద ఎలా పోరాడారు, సముద్రం మీద ఎలా పోరాడారు, గాలిలో ఎలా పోరాడారు అని మూడు భాగాలు. నాలుగు పుస్తకాలు ముందు పెట్టుకుని రాసిన రాత. ట్యాంకులు, జలాంతర్గాములు, బాంబర్లు. పాఠకులు మెచ్చుకున్నారు. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. మూడో భాగం అచ్చయ్యాక గోదావరిఖని నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన పేరు జక్కయ్య. గనిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి.

"అయ్యా, మీరు యుద్ధమును మూడు ముక్కలు చేసి రాసినారు. మా కంచర గాడిదలు మూడింటిలోనూ ఉన్నవి. వాటి గురించి ఒక్క మాట లేదు. గొంతు తీసేసిన గాడిదలను డకోటాలో ఎక్కించుకొని నేను బర్మా అడవిలో దిగినాను."

తెలుగువాళ్ళకి డకోటా అంటే ఏమిటో వేరే చెప్పాలా? తోస్తే గాని కదలని డొక్కు బస్సు. ఆ నెల ఉత్తరాల పేజీ అడుగున నాలుగంగుళాల జాగా మిగిలింది. ఆ జాగాలో జక్కయ్యగారి ఉత్తరం వేసి, కింద నేను ఇలా రాశాను: "గొంతు కోశాక గాడిద బస్సెక్కుతుందా? పోనీ ఎక్కిందే అనుకుందాం. ఆ డకోటా బర్మా దాకా చేరుతుందా? గోదావరిఖని నుంచి బర్మాకి టికెట్టెంతో జక్కయ్యగారే సెలవియ్యాలి." పక్కన బస్సు కిటికీలోంచి తల బయట పెట్టిన గాడిద బొమ్మ కూడా వేయించాను.

నాలుగేళ్ళ తర్వాత విశాఖపట్నంలో చుట్టాలింట్లో ఒక పాత ఫొటో చూశాను. ఏటవాలుగా పెట్టిన పలకల మీద చెవులు వెనక్కి వాల్చుకున్న ఒక కంచర గాడిద. ఇద్దరు సిపాయిలు దాన్ని ఒక విమానం కడుపులోకి ఎక్కిస్తున్నారు. కింద ఆ విమానం పేరు ఉంది: డకోటా. ఆ ఇంటి పెద్దాయన సైన్యంలో చేసినవాడు. "అడవిలో అరిస్తే శత్రువుకి తెలిసిపోతుందని వాటికి గొంతులో శస్త్రం చేసేవాళ్ళోయ్. మూగవైపోయేవి" అన్నాడు మామూలుగా. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

పత్రిక అప్పటికే మూతపడింది. ఉత్తరం మాత్రం నా అట్టపెట్టెలో ఉంది. దాని మీద చిరునామా ఉంది.

పెద్దపల్లి

టిఫిను కోసం స్టేషన్లో దిగితే బండి నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. అదీ ఒకందుకు మంచిదే అయింది. బస్టాండు పక్కన ఒకావిడ మక్క గారెలు వేస్తోంది. మక్క అంటే మొక్కజొన్న. మేము గారె అంటే మినప్పప్పు తప్ప ఇంకోటి ఎరగం. ఇవి పైన కరకరలాడుతూ లోపల తియ్యగా, పచ్చిమిరపకాయ ఘాటుతో ఉన్నాయి. ఐదు రూపాయలకి నాలుగు. పన్నెండు తిన్నాను.

"ఏ ఊరు సార్ మీది?" అంది ఆవిడ.

చెప్పాను. తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసుకుని కూర్చున్న రోజులవి. ఆవిడ జల్లిగంటె ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ఆంధ్రనా! మరి మా దిక్కెందుకొచ్చిండ్రు? మిగిలిన బొగ్గు గూడ ఎత్తుకపోతరా ఏంది?"

"లేదమ్మా. ఒకాయన విషయంలో తప్పు చేశాను. ఒప్పుకుందామని వచ్చాను."

"ఒక్కనికేనా?" అని గట్టిగా నవ్వింది. "మంచిగనే ఉన్నది. వచ్చిందెట్లనో వచ్చిండ్రు, మీవోళ్ళందరి తరఫున గూడ చెప్పిపోండ్రి." అంటూనే కాగితంలో ఇంకో గారె పడేసింది. దానికి డబ్బు తీసుకోలేదు.

గోదావరిఖని

ముందు రామగుండం వైపు కరెంటు కంపెనీ పొగ గొట్టాలు కనిపిస్తాయి. తర్వాత ఆకుల మీద నల్లటి పొడి కనిపిస్తుంది. ఆ తర్వాత ఊరు. వరసలు వరసలుగా కంపెనీ క్వార్టర్లు. ప్రతి వాకిట్లో ముగ్గు. నల్లపొడి పడే ఊళ్ళో ముగ్గు ఎంతసేపు నిలుస్తుంది? అయినా పొద్దున్నే వేస్తారు, మధ్యాహ్నానికి బూడిద రంగుకి తిరుగుతుంది, మర్నాడు మళ్ళీ వేస్తారు. ఆ పట్టుదల నాకు నచ్చింది.

ఉత్తరం మీదున్న క్వార్టరు ముందు ఒకామె మిరపకాయలు ఎండబోస్తోంది. జక్కయ్యగారి గురించి అడిగాను.

"గాయన ఈడ లేడు సార్. ఆయన కొడుకు కాసిపేటల బాయిల దిగిండు గద."

బావిలో దూకాడనుకున్నాను. "అయ్యో! ఎప్పుడు? పైకి తీశారా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఎప్పుడేంది? పదేండ్లాయె. తీసుడెందుకు? పర్మినెంట్ నౌకరి!"

అక్కడ గనిని బాయి అంటారు. బాయిలో దిగడమంటే డ్యూటీకి పోవడం. ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. ఒక మాట విని ఇంకోటి అనుకోవడంలో నాకు నాలుగేళ్ళ అనుభవం ఉంది.

వివరం కావాలంటే గని గేటు దగ్గర రాజేశం హోటలుకి పొమ్మంది. రేకుల పందిరి, నాలుగు బల్లలు, మూడు రూపాయల చాయ్. నేను వెళ్ళేసరికి మొదటి షిఫ్టు దిగింది. ముఖాన కళ్ళూ పళ్ళూ మాత్రమే తెల్లగా ఉన్న మనుషులు వచ్చి కుళాయి దగ్గర కడుక్కుని బల్లల మీద కూర్చున్నారు. ఒకాయన పేపరు తీసి పైకి చదవడం మొదలుపెట్టాడు. పదిమంది వింటున్నారు. ప్రతి వార్తకీ వాదన. మా తెనాలిలో పేపరు ఎవరిది వాళ్ళు చదువుకుని మడిచిపెట్టుకుంటారు. భూమి కింద ఎనిమిది గంటలు పనిచేసి వచ్చిన వాళ్ళు ప్రపంచం సంగతులు అంత శ్రద్ధగా వినడం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది. వెంటనే ఇంకో సంగతి తట్టింది. నా నాలుగంగుళాల రాత కూడా ఇక్కడే, ఇలాగే పైకి చదివి ఉంటారు.

"జక్కయ్య కాకనా?" అన్నాడు రాజేశం. యాభై దాటిన మనిషి, గలగలమనే గొంతు. "డకోటా కాక అనుండ్రి, అందరు ఎర్కవడ్తరు! ఓ పుస్తకంల ఎవడో రాసిండు సార్. గాడిదలు బస్సెక్కి బర్మా పోయినయట! బొమ్మ గూడ ఏసిండు. మేము దాన్ని కోసి గీ గోడకే అతికిచ్చినం. కాక వస్తే చాలు, 'హోల్డాన్, హోల్డాన్, గాడిద ఎక్కుతాంది' అంటుండె పోరగాండ్లు. గప్పుడు నవ్వినట్టు మల్ల ఎన్నడు నవ్వలే."

అందరూ నవ్వారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను కూడా నవ్వాను. అది రాసింది నేనే అని చెప్పలేదు.

"ఇప్పుడు రాడా?" అన్నాను.

రాజేశం గ్లాసు తుడుస్తూ కాస్త తగ్గాడు. "రాడు సార్. యుద్ధం ముచ్చట్లు బందు వెట్టిండు. అంతకుముందు బడి పిల్లలకు గూడ చెప్తుండె. కొన్ని దినాలకు ఈడికి వచ్చుడే బందు వెట్టిండు. తర్వాత కొడుకు దగ్గరికి పోయిండు. ముప్పై ఏండ్లున్న ఊరు. బిడ్డె మంచిర్యాలల టీచరమ్మ. అడుగుండ్రి."

చాయ్ డబ్బులిచ్చి బయటికి వచ్చాను. గోడ మీద ఆ కాగితం అతికించిన చోట గంజి మరక ఇంకా ఉంది.

మంచిర్యాల

గోదావరి వంతెన దాటుతుంటే నీళ్ళు సన్నటి పాయలుగా ఉన్నాయి, ఇసుక తెల్లగా మెరుస్తోంది. మా కోస్తా జిల్లాల్లో గోదావరి అంటే సముద్రంలా ఉంటుందని పక్క సీటాయనతో గొప్పలు పోయాను. "మా దగ్గర మోసుకొచ్చుడు, మీ దగ్గర తాగుడు" అన్నాడాయన. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

జక్కయ్యగారి అమ్మాయి సుగుణ టీచర్‌కి నలభై అయిదుంటాయి. బడి వదిలే వేళకి వెళ్ళి గేటు దగ్గరే నిలబడి నేనెవరో చెప్పాను. ఈసారి దాచలేదు. ఆమె నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. నేను తినేదాకా ఆగి అప్పుడు మాట్లాడింది.

"బాయిల పని మొదలువెట్టే ముందు ఏం చేస్తరో తెలుసా సార్? పైకప్పును కర్రతోటి తట్టి చూస్తరు. గట్టిగ మోగితే కిందికి పోతరు. డొల్లగ మోగితే పోరు. మా నాయిన జిందగీ మొత్తం గట్ల తట్టి, చెవువెట్టి విన్న మనిషి. మీరు తట్టకుండనే డొల్ల అన్నరు."

ఆమె నా ముందున్న కంచం తీసింది.

"మా నాయినకు తిట్లు తగిలినయ్, దెబ్బలు తగిలినయ్. గది మాత్రం తగిలినట్టు ఏదీ తగల్లే. మీరు ఆయన కాళ్ళు మొక్కి పోతా అంటే నేనొప్పుకోను. యాడ నవ్విండ్రో ఆడనే చెప్పాలె."

"చెప్తాను" అన్నాను.

కాసిపేట

మర్నాడు ఆమే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. కొడుకు క్వార్టరు వెనక మునగచెట్టు కింద నులక మంచం. దాని మీద ఎనభై అయిదేళ్ళ సన్నటి మనిషి, తెల్ల బనీను, మెడలో చిన్న సిలువ. సుగుణ ఆయన చెవి దగ్గర వంగి చెప్పింది. ఆయన నా వైపు తిరిగాడు.

"టికెట్టెంత అని అడిగినవ్ గద. నీకు ఎంతైంది తెనాలి నుంచి?"

"రెండొందల చిల్లర" అన్నాను.

"గాడిదలకు ఫ్రీ" అన్నాడు. ముఖంలో ఎక్కడా నవ్వు లేదు. సుగుణ మాత్రం పక్కకి తిరిగింది.

చేతులు పట్టుకుని తప్పు ఒప్పుకున్నాను. ఆయన చేతులు లాక్కోలేదు, పట్టుకోనూ లేదు. కూర్చోమన్నాడు. ఆ పూట నేను విన్నది నా మూడు భాగాల్లో ఒక్క వాక్యంలో కూడా లేదు.

మిషను బడిలో చదువుకునే కుర్రాళ్ళిద్దరు, జక్కయ్య, కొమురయ్య. జక్కయ్యది గోదావరికి ఈ ఒడ్డు, కొమురయ్యది మంథని దిక్కు పల్లె. కలిసి సైన్యంలో చేరారు. తుపాకీ ఇస్తారనుకుంటే గాడిదల తాళ్ళు ఇచ్చారు.

"ఎక్కడెక్కడి దేశాలకెల్లి ఓడలల్ల వచ్చినయ్ సార్ అవి. సముద్రం మీద నిలవడి నిలవడి కాళ్ళు వాచి దిగుతుండె. మల్ల విమానంల ఎగిరినయ్. ఆఖరికి నేల మీద సచ్చినయ్. నువ్వు మూడు ముక్కలు రాసినవ్. మా గాడిద మూడిట్ల తిరిగింది, దానికి ఒక్క అక్షరం లేకపాయె. గందుకే కోపమొచ్చి ఉత్తరం రాసిన."

గొంతు తీయడం గురించి అడిగాను.

"డాక్టర్ దొర మత్తిచ్చి లోపల నరం తీస్తుండె. నేను తల పట్టుకునేటోణ్ణి. లేచినంక నోరు తెరుస్తుండె, సప్పుడు రాకపోతుండె. మల్ల తెరుస్తుండె. తనకేమైందో దానికి తెల్వదు గద. గది చూసిన దినం కొమురయ్య అన్నం ముట్టలే."

విమానం లోపల వెదురు బొంగులతో చిన్న కొట్టం కట్టి, పలకల మీద చాపలు పరిచి ఎక్కించేవాళ్ళట. అది చెప్పేటప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు. "ముందట నిలవడి గుంజినవనుకో, గాడిద కాళ్ళు తంతది. దాని మొకం జూడొద్దు. తాడు వదులుగ వట్టుకోని నీ పాటికి నువ్వు నడువాలె, ఇంట్లకు పోతున్నట్టు. నువ్వు భయపడ్తలేవని దానికి నమ్మకం గావాలె." లేని తాడు భుజం మీదుగా పట్టుకుని మునగచెట్టు దాకా వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళాడు. ఆ నడక చూస్తుంటే నేను కూడా వెనకాలే ఎక్కేసేవాణ్ణి.

"విమానం పైకి లేచినప్పుడు మీకు భయం వేసిందా?" అని అడిగాను.

ఆయన చెట్టు దగ్గరే ఆగిపోయాడు. తిరిగి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"రేపు గోదావరిఖని పోదామన్నది మా బిడ్డె. పోదాం. ఆడ చెప్త."

మళ్ళీ గోదావరిఖని

జీపులో వెళ్ళాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మొదటి షిఫ్టు దిగే వేళకి రాజేశం హోటల్లో అడుగుపెట్టాం.

"ఓ కాకా! డకో..." అని రాజేశం నాలిక్కరుచుకుని, కండువాతో బల్ల తుడిచి ఆయన్ని కూర్చోబెట్టాడు. పేపరు చదివే ఆయన చదవడం ఆపాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఈ గోడ మీద మీరు అతికించిన రాత రాసింది నేనే" అన్నాను.

కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్న వాళ్ళు కూడా ఇటు తిరిగారు. రాజేశం నా దగ్గరికి వచ్చాడు. "మొన్న మాతోటి గలిసి నవ్వినవ్ గద సార్?"

"నవ్వాను. అదింకో తప్పు."

డకోటా అంటే ఏమిటో చెప్పాను. ఫొటో నకలు తెచ్చాను, అది చేతులు మారింది. గొంతులు ఎందుకు తీశారో చెప్పాను. జక్కయ్యగారి ఉత్తరం తీసి, వాళ్ళు పేపరు చదువుకునే తీరులోనే పైకి చదివాను. "ఇందులో ప్రతి అక్షరం నిజం" అన్నాను.

చేతికర్ర నేలకి తాకిన చప్పుడైంది. "ఆగు" అన్నాడు జక్కయ్యగారు. "ఒక్క మాట నిజం గాదు."

సుగుణ ఉలిక్కిపడి తండ్రి వైపు చూసింది.

"నేను విమానం ఎక్కలే. ఎక్కిచ్చిన. అంతే. గాడిదల తోటి పోతానికి ఒక్కొక్క విమానంల ఒక్కొక్కణ్ణి పంపుతుండె. మా గాడిదలు కొమురయ్య మాట ఇంటయ్. కొమురయ్య పోయిండు. నేను కింద నిలవడ్డ. వాడు మల్ల రాలే. ఇంటికొచ్చినంక వాళ్ళ అవ్వ అడిగింది, 'నా కొడుకు ఒక్కడే పోయిండా బిడ్డా?' అని. ఒక్కడే అని నా నోటికి రాలే. 'ఇద్దరం పోయినం అవ్వా, నేను పక్కనే ఉన్న' అన్న. పై నుంచి అడవి ఎట్ల కనవడ్డదో చెప్పిన. ఆమె బతికినన్ని దినాలు గదే అడిగింది, గదే చెప్పిన. చెప్పి చెప్పి అందరికి గదే చెప్పిన. సార్‌కు గూడ గదే రాసిన."

తడి జుట్టుతో నిలబడ్డ ఒకతను మెల్లగా అన్నాడు. "మరి గిన్నేండ్లు మాకెందుకు చెప్పలే కాకా?"

"చెప్పాల్ననే అనుకున్నరా. అవ్వ పోయింది, నేను ముసలోణ్ణయిన, గిదొక్కటి దిద్దుకోవాలె అనుకున్న. గంతట్ల పుస్తకం వచ్చింది. మీరు నవ్విండ్రు. అంతా అబద్ధమే అని నవ్వెటోళ్ళ ముందల, అండ్ల ఒక్క ముక్క మాత్రం అబద్ధం అని ఎట్ల చెప్పాలె? చెప్తే మొత్తం పోతది. గాడిదలు పోతయ్, డకోటా పోతది. కొమురయ్య గూడ పోతడు. గందుకే నోరు మూసుకున్న."

నేను ఆయన మాటని అబద్ధం చేశానని మాత్రమే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఆయన నిజం చెప్పుకునే దారిని కూడా మూసేశానని అప్పుడు తెలిసింది.

రాజేశం చాయ్ తెచ్చి రెండు చేతులతో ఆయనకి అందించాడు. "కొమురయ్యది ఏ ఊరు కాకా?" అని అడిగాడు. ఆయన చెప్పాడు. "ఎట్లుంటుండె?" అని ఇంకెవరో. అలా మొదలైంది. పొట్టివాడు, ఈల బాగా వేస్తాడు, నీళ్ళంటే భయం, గాడిదలకి తన రొట్టెలో సగం పెట్టేవాడు. పేపరు మడిచి పక్కన పెట్టేశారు. అరవై ఏళ్ళ కిందట పోయిన ఒక మనిషి గురించి ఇరవై మంది గనివాళ్ళు చాయ్ చల్లారబెట్టుకుని విన్నారు. సుగుణ తండ్రి పక్కన కూర్చుని ఆయన చొక్కా చేయి పట్టుకుంది.

లేచేముందు ఆయన నన్ను పిలిచాడు. "రాయి. నేను జూస్తుండంగ రాయి."

రాసి వినిపించాను. ఒక మాట కొట్టేయమన్నాడు, వీరుడు అని రాశాను, అది. ఒక పేరు కింద నుంచి పైకి మార్చమన్నాడు. మళ్ళీ చదివించుకుని తలూపాడు. ఆ పత్రిక ఇప్పుడు లేదు కాబట్టి, ఆయన ఒప్పుకున్న ఆ దిద్దుబాటు ఇక్కడ అచ్చు వేస్తున్నాను.

గోదావరిఖని నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఎగతాళి చేస్తూ నేను రాసింది తప్పు. డకోటా అంటే విమానం. దానిలో గొంతు తీసిన కంచర గాడిదలను బర్మా అడవికి తీసుకెళ్ళినవాడు మంథని దిక్కు కొమురయ్య. ఒక్కడే వెళ్ళాడు. ఎక్కించినవాడు జక్కయ్య.